సర్వరుకి మన్యం జ్వరం

వెనకటి రోజుల్లో మన్యం జ్వరం అంటే మన ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్లకి హడలు. వణుకుతో మొదలవుతుంది, ఒళ్లు కాలిపోతుంది, చెమట పట్టి తగ్గిపోతుంది. వైద్యుడు వచ్చి నాడి పట్టుకునేసరికి రోగి మంచం మీద లేచి కూర్చుని గంజి అడుగుతాడు. వైద్యుడు వెళ్లిన మర్నాడో మూడోనాడో మళ్లీ వణుకు మొదలు! ఇరవై నాలుగు గంటలూ కాసే జ్వరాన్ని పట్టుకోవడం తేలిక. వచ్చిపోయే జ్వరాన్ని పట్టుకోవడమే కష్టం.

కంప్యూటరు సర్వర్లకి కూడా సరిగ్గా ఇలాంటి జబ్బే ఒకటుంది. పూర్తిగా ఆగిపోదు. ఆగిపోతే నయం, అందరికీ తెలుస్తుంది, బాగు చేసేవాళ్లు పరుగెత్తుకొస్తారు. ఇది కాసేపు చక్కగా పనిచేస్తుంది, కాసేపు నత్తలా పాకుతుంది. నిపుణుడు వచ్చి చూసేసరికి లేడిపిల్లలా పరుగెడుతుంటుంది. ఆయన "అంతా బాగానే ఉందే!" అని టీ తాగి వెళ్లిపోతాడు. ఈ వచ్చిపోయే జబ్బుని పట్టుకునే పద్ధతేమిటో, భోగాపురం పరిసరాల్లో మనకి తెలిసిన సంగతులతోనే చెప్పుకుందాం.

సర్వరంటే బ్రహ్మపదార్థం ఏమీ కాదు. నలుగురూ అడిగిన సమాచారాన్ని వెతికి తీసి అందించే కంప్యూటరే సర్వరు. హోటల్లో సర్వరుకీ దీనికీ పేరూ ఒకటే, పనీ ఒకటే. ఆర్డరు తీసుకుంటాడు, వంటింట్లోకి వెళ్తాడు, పట్టుకొస్తాడు. ఆలస్యమైతే తప్పు సర్వరుదా, వంటవాడిదా, పప్పు ఉడకలేదా, ప్లేట్లు కడగలేదా అన్నది బల్ల దగ్గర కూర్చున్నవాడికి తెలీదు. వాడికి తెలిసిందల్లా ఒకటే: "సర్వరు స్లో!"

ఇది ఎవరికి నష్టం?

ఇదేదో కంప్యూటరు చదివేవాళ్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. 1998లో కార్డ్ పథకంతో భూముల రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లలోకి వెళ్లాయి. 2001లో ఈ-సేవ, 2011లో మీసేవ, 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చాయి. కులధ్రువీకరణ పత్రం నుంచి పొలం అడంగల్ దాకా ప్రతిదీ ఎక్కడో ఉన్న ఒక సర్వరుని అడిగి తెచ్చుకోవలసిందే. 2023 మే 3న భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. అటువంటి చోట సెంటు భూమి కాగితానికి కూడా ఎంత విలువుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ముక్కాం నుంచో చేపలకంచేరు నుంచో ఒకామె కాగితం కోసం వచ్చిందనుకోండి. చేపల గంప పక్కన పెట్టి వచ్చింది. కిటికీ దగ్గర సంభాషణ ఇలా ఉంటుంది:

"ఏటి బాబూ, ఇంకా అవ్వనేదేటి?"

"సర్వరు స్లోగా ఉందమ్మా, కూర్చో."

"నిన్న బాగానే ఉందన్నారు గదా! బేగి సూడు బాబూ, బస్సెల్లిపోద్ది."

ఆ బస్సు వెళ్లిపోతుంది. ఆమెకి ఆ రోజు బేరం పోతుంది. మర్నాడు మళ్లీ రావాలి, మళ్లీ బస్సు చార్జీ. అదే ఫీజు కట్టడానికి ఆఖరి రోజైతే ఒక విద్యార్థికి ఏడాది పోవచ్చు. సర్వరు పదిహేను నిమిషాలు నెమ్మదిస్తే ఖర్చు పడేది సర్వరు సొంతదారుకి కాదు, వరసలో నిలబడ్డవాడికి. కాబట్టి ఈ జబ్బుకి వైద్యం తెలుసుకోవడం ఒక విధంగా ప్రజాసేవే!

మొదటి మందు: గడియారం

మలేరియా రహస్యం ఎలా బయటపడింది? 1886 ప్రాంతంలో ఇటలీ శాస్త్రజ్ఞుడు గాల్జీ జ్వరం వచ్చే వేళల్ని, రోగి రక్తంలోని క్రిముల స్థితినీ పక్కపక్కన పెట్టి చూశాడు. క్రిములు పెరిగి రక్తకణాలు పగులగొట్టుకుని బయటికొచ్చే వేళకే జ్వరం వస్తోందని తేలింది. ఒక రకానికి 48 గంటలకోసారి, ఇంకో రకానికి 72 గంటలకోసారి. ఆ తర్వాత 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని చూశాడు. జ్వరం వేళల లెక్క లేకపోతే కథ ఇంత దూరం వచ్చేది కాదు.

సర్వరు విషయంలోనూ అంతే. "అప్పుడప్పుడు స్లో అవుతోంది" అన్న మాట దేనికీ పనికిరాదు. ఎన్ని గంటలకి మొదలైంది, ఎన్ని నిమిషాలుంది, అందరికీనా కొందరికేనా, అన్ని పనులూనా ఒక్క పనేనా? ఈ నాలుగు ప్రశ్నలకీ జవాబులు ఒక నోటుపుస్తకంలో పదిరోజులు రాయండి. సగం జబ్బు ఆ పుస్తకంలోనే దొరుకుతుంది.

ప్రతి గంటకీ సరిగ్గా మొదటి అయిదు నిమిషాలే నెమ్మదిస్తోందా? అయితే ఎవరో గంట గంటకీ నడిచేలా ఏదో పని పురమాయించారు. నకలు తీయడమో, వైరస్ వెతకడమో, నివేదిక తయారు చేయడమో. ఇటువంటివి పెట్టేవాళ్లందరూ సున్నా నిమిషాన్నే ఎంచుకుంటారు. పది పనులు ఒకేసారి లేస్తాయి. ఒకటి 7వ నిమిషానికి, ఇంకొకటి 23వ నిమిషానికి జరిపితే చాలు, పైసా ఖర్చు లేకుండా జబ్బు పోతుంది. రోజురోజుకీ కొద్దికొద్దిగా నెమ్మదించి, ఆపి మళ్లీ మొదలుపెడితే బాగుపడుతోందా? ఏదో ప్రోగ్రాము జ్ఞాపకశక్తిని అప్పు తీసుకుని తిరిగి ఇవ్వడం లేదన్నమాట. నెలకో మూడు నెలలకో ఒకసారి కొన్ని గంటలు మాత్రమే డిస్కులు మందగిస్తున్నాయా? కొన్ని రకాల డిస్కు కంట్రోలర్లలో చిన్న బ్యాటరీ ఉంటుంది. దాన్ని పరీక్షించుకోవడానికి అది తనంతట తానే ఖాళీ చేసుకుని నింపుకుంటుంది. ఆ కాసేపూ రాతపని వేగం తగ్గిస్తుంది. క్యాలెండరు చూడనివాడికి ఇది ఎన్నటికీ దొరకదు.

రెండో మందు: సగటుని నమ్మకండి

వందమంది సర్వరుని అడిగారనుకుందాం. 95 మందికి 0.2 సెకన్లలో జవాబొచ్చింది. అయిదుగురికి 20 సెకన్లు పట్టింది. సగటు ఎంత? 1.19 సెకన్లు. పై అధికారి ఆ అంకె చూసి "బ్రహ్మాండంగా ఉంది" అంటాడు. నిజానికి 1.19 సెకన్లు పట్టినవాడు ఆ వందమందిలో ఒక్కడూ లేడు! పైగా ఒక పేజీ తయారవడానికి సర్వరుని ఇరవైసార్లు అడగాల్సి వస్తే, వాటిలో కనీసం ఒక్కటైనా ఆ నెమ్మది దెబ్బ తినే అవకాశం నూటికి 64. అంటే సర్వరు లెక్కలో అయిదుగురి బాధ, జనం లెక్కలో అరవై నలుగురి బాధ అయింది.

అందుకని సగటు కాకుండా, వందమందిలో 95వ వాడికి ఎంతసేపు పట్టింది, 99వ వాడికి ఎంతసేపు పట్టింది అని చూడాలి. అలాగే అయిదు నిమిషాలకోసారి తీసే కొలత కూడా మోసం చేస్తుంది. పదిహేను సెకన్లు ప్రాసెసరు నూటికి నూరు పాళ్లూ మునిగిపోయి, మిగతా 285 సెకన్లూ పది పాళ్లే పనిచేస్తే ఆ అయిదు నిమిషాల సగటు పద్నాలుగున్నర పాళ్లే కనిపిస్తుంది. మునిగినవాడి సంగతి ఆ లెక్కకి తెలీదు. జ్వరం పదిహేను సెకన్లదైతే థర్మామీటరు సెకనుకోసారి చూడాలి మరి.

మూడో మందు: వరస లెక్క

జాతీయరహదారి మీద నాతవలస టోల్‌గేటు దాటినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక్కో బండికి సగటున 10 సెకన్లు పడుతుందనుకుందాం. అంటే ఒక వరసలో నిమిషానికి ఆరు బళ్లు వెళ్లగలవు. నిమిషానికి మూడు బళ్లే వస్తుంటే నిరీక్షణతో కలిపి సగటున 20 సెకన్లలో దాటేస్తారు. నాలుగున్నర వస్తే 40 సెకన్లు. నిమిషానికి 5.4 వస్తే 100 సెకన్లు. 5.7 వస్తే 200 సెకన్లు! అయిదు పాళ్లు రద్దీ పెరిగితే ఆలస్యం రెట్టింపైంది చూశారా? ఒక పద్ధతీ పాడూ లేకుండా బళ్లు వచ్చిపోతున్నప్పుడు లెక్క ఇలాగే ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు ఇది అనుభవంలోనే నేర్చుకుంటారు. టెలిఫోను ఎక్స్చేంజీల కోసం ఈ వరసల శాస్త్రానికి 1909లో పునాది వేసినవాడు డెన్మార్కు దేశస్థుడు ఎర్లాంగ్.

సర్వరు కూడా టోల్‌గేటే. 90 పాళ్లు నిండి "బాగానే" ఉన్న సర్వరు 95 పాళ్లకి చేరగానే కుదేలవుతుంది. అయిదుగురు తగ్గగానే లేచి కూర్చుంటుంది. చూసేవాడికి దయ్యం పట్టి వదిలినట్టుంటుంది. దయ్యమూ లేదు, భూతమూ లేదు, రద్దీ అంచున నడుస్తోంది, అంతే. రైల్వే తత్కాల్ టిక్కెట్లకి పదింటికి కాచుక్కూర్చునేవాళ్లకి ఈ బాధ బాగా ఎరుకే. 2014 ఏప్రిల్లో రైల్వేవారు కొత్త వ్యవస్థ పెట్టి నిమిషానికి 2,000 టిక్కెట్ల సామర్థ్యాన్ని 7,200కి పెంచారు. 2015 జూన్‌లో ఏసీ తరగతులకి పదింటికి, మిగతా వాటికి పదకొండింటికి అని వేళలు విడదీశారు. గేట్లు పెంచడం ఒక మందు, జనాన్ని రెండు వేళలకి రమ్మనడం ఇంకో మందు. రెండోది చవక.

నాలుగో మందు: నాలుగు చోట్ల మూడు ప్రశ్నలు

సర్వరు లోపల ప్రధానంగా చూడాల్సినవి నాలుగే: ప్రాసెసరు, మెమొరీ, డిస్కు, నెట్‌వర్కు. ఒక్కోదాన్ని మూడు ప్రశ్నలడగాలి. ఎంతసేపు పనిలో ఉన్నావు? నీ ముందు వరస ఎంత పొడుగుంది? తప్పులేమైనా దొర్లుతున్నాయా? బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీరు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ప్రశ్నలు చిన్నవేగాని, తోచినచోటల్లా గోకకుండా క్రమంగా వెతకడం నేర్పుతాయి.

వీటితోపాటు ఒక చిట్కా ఉంది. ఆలస్యం ఎన్ని సెకన్లో సరిగ్గా కొలవండి. ఆ అంకె దొంగ వేలిముద్ర లాంటిది. సరిగ్గా 5 సెకన్ల ఆలస్యం అయితే పేర్లని చిరునామాలుగా మార్చే డి.ఎన్.ఎస్. సర్వరుని అనుమానించండి. మొదటి సర్వరు పలక్కపోతే లినక్సు మామూలుగా 5 సెకన్లు చూసి రెండోదాన్ని అడుగుతుంది. 1, 3, 7 సెకన్ల దగ్గర ఆలస్యాలు గుంపుకడుతుంటే, మొదటి పలకరింపు దారిలోనే పోయి మళ్లీ మళ్లీ పంపుతోందన్నమాట. నెట్‌వర్కు చూడండి. సరిగ్గా 50 సెకన్లు ఆగి తప్పు చూపిస్తే, మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ఒకడు తాళం వేసుకుని కూర్చున్నాడు, ఇంకొకడు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ తాళానికి మామూలు గడువు 50 సెకన్లే. గుండ్రటి అంకె కనిపిస్తే అది పని భారం కాదు, ఎవరో ఎవరికోసమో గడువు పెట్టుకుని ఎదురుచూడటం.

ఒక ఊహాకాలేజీ కథ

ఇప్పుడు ఈ మందులన్నీ ఒక రోగి మీద ప్రయోగించి చూద్దాం. భోగాపురం దగ్గర ఒక కాలేజీ, అందులో హాల్‌టిక్కెట్లూ ఫీజులూ చూసే ఒక సర్వరు ఉందనుకోండి. కొన్ని రోజులు మధ్యాహ్నం పన్నెండు దాటాక నత్తనడక. మూడింటికల్లా మామూలు. కొన్ని రోజులు అసలు రాదు. నిపుణుడు వచ్చేది ఎప్పుడూ మూడున్నరకే. ఆయన వచ్చేసరికి రోగి గంజి తాగుతుంటాడు!

ఒక విద్యార్థి నోటుపుస్తకం పెట్టాడు. అడిగినవాళ్ల సంఖ్య పెరిగిందా? లేదు, రోజూ ఉన్నంతే. ప్రాసెసరు? రెట్టింపు తీరిక లేకుండా ఉంది. ఇదే అసలు ఆధారం. పని పెరగలేదు, కాని అదే పనికి రెట్టింపు సేపు పడుతోంది. అంటే పనివాడే నెమ్మదించాడు. ప్రాసెసరు గడియార వేగం చూశాడు, సగానికి పడిపోయింది. ఉష్ణోగ్రత చూశాడు, హద్దు దాటింది. ప్రాసెసర్లు అతిగా వేడెక్కితే కాలిపోకుండా తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి.

వేడి ఎందుకు? గదిలో ఏసీ ఉంది గదా! పుస్తకంలో ఇంకో గడి గీసి "కరెంటు" అని రాశాడు. పది రోజులకి విషయం తేటతెల్లమైంది. నెమ్మదించిన ప్రతి రోజూ అంతకు గంట ముందు కరెంటు పోయి వచ్చింది. సర్వరుకి యు.పి.ఎస్. ఉంది కాబట్టి అది ఆగలేదు. ఏసీకి లేదు, అది ఆగింది. కరెంటు వచ్చినా ఏసీ తనంతట తాను మొదలవ్వదు, రిమోటు నొక్కాలి. అటెండరు భోజనం చేసి రెండున్నరకి గదిలోకి వచ్చి "అబ్బ, ఏం ఉక్కబోత!" అని రిమోటు నొక్కుతాడు. మూడింటికి సర్వరు కోలుకుంటుంది. పాపం అటెండరే రోజూ వైద్యం చేస్తున్నాడు, ఆ సంగతి ఆయనకీ తెలీదు.

ఇక్కడితో ఆగకూడదు. అనుమానం రుజువు కావాలి. ఒక సెలవురోజున సర్వరుకి రోజూ ఉండేంత పని పెట్టి, కావాలని ఏసీ ఆపి, ఉష్ణోగ్రత మీద కన్నేసి చూశాడు. నెమ్మదించింది. ఏసీ వేశాడు. కోలుకుంది. ఇది రుజువు. మందేమిటంటే, కరెంటు రాగానే తిరిగి మొదలయ్యే ఏసీ, వేడెక్కితే ఫోనుకి కబురంపే చిన్న పరికరం. అది తెలియకపోతే కాలేజీవారు లక్షలు పోసి కొత్త సర్వరు కొనేవారు. కొత్త సర్వరు కూడా అదే గదిలో అదే ఉక్కకి మందగించేది. సముద్రపుటొడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి లోహపు భాగాలు తుప్పు పడతాయి, దుమ్ముకి ఫ్యానులు మూసుకుపోతాయి కాబట్టి ఈ గది సంగతి మనవాళ్లు మరీ గుర్తుంచుకోవాలి.

పెద్దవాళ్లకీ తప్పలేదు

1986 అక్టోబరులో అమెరికాలోని బర్క్‌లీలో రెండు సంస్థల మధ్య ఇంటర్నెట్ సమాచార వేగం సెకనుకి 32,000 బిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. రెంటి మధ్య దూరం 400 గజాలు! కాగితం పట్టుకుని నడిచివెళ్తేనే నయం. వాన్ జాకబ్సన్ అనే ఆయన కారణం వెతికాడు. జవాబు ఆలస్యమైతే ప్రతి యంత్రమూ అదే కబురు మళ్లీ పంపుతోంది. దాంతో దారి ఇంకా నిండి, ఆలస్యం ఇంకా పెరిగి, ఇంకా మళ్లీ పంపుతున్నాయి. దారి ఇరుకైనప్పుడు ప్రతివాడూ తగ్గి నెమ్మదిగా పంపాలనే నియమాన్ని 1988లో ఆయన ప్రకటించాడు. నేటికీ ఇంటర్నెట్ నడుస్తున్నది ఆ మర్యాద మీదే. పేజీ రాలేదని మీట పదిసార్లు నొక్కేవాళ్లు ఈ కథ గుర్తుంచుకోవాలి. ప్రతి నొక్కూ వరసలో ఇంకో మనిషే.

1997 జులై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ నౌకకి కొద్దిరోజుల్లోనే వచ్చిపోయే జబ్బు పట్టుకుంది. ఉండుండి కంప్యూటరు తనంతట తాను తిరిగి మొదలవుతోంది. భూమ్మీద ఇంజనీర్లు అచ్చం అలాంటిదే ఇంకొకటి పెట్టుకుని, లోపల జరిగే ప్రతి పనినీ రాయించి, జబ్బు తమ కళ్లముందు వచ్చేదాకా నడిపించారు. చివరికి దొరికింది. పెద్ద ఆఫీసరుకి కావలసిన బీరువా తాళం చిన్న గుమాస్తా జేబులో ఉంది. ఆ గుమాస్తాని పని చేసుకోనివ్వకుండా మధ్యలో హెడ్‌గుమాస్తా అడ్డుపడుతున్నాడు. ఆఫీసరు ఎంతకీ కదలకపోవడంతో కాపలా ఏర్పాటు మొత్తం ఆఫీసునే మూసి తెరుస్తోంది! తాళం చేతిలో ఉన్నంతసేపు చిన్న గుమాస్తాకి ఆఫీసరు హోదా ఇచ్చేలా భూమి నుంచే సవరణ పంపారు. జబ్బు పోయింది. కోట్ల మైళ్ల దూరాన ఉన్న యంత్రానికి ఇది సాధ్యమైంది గదా, పక్కగదిలో ఉన్న సర్వరుకి ఎందుకు కాదు?

చేయకూడనివి, చేయాల్సినవి

మన దగ్గర సర్వరోగ నివారిణి ఒకటుంది: "ఆపి మళ్లీ ఆన్ చెయ్యి." జనం ఎదురుచూస్తుంటే అది తప్పకపోవచ్చు. కాని ఆపగానే సాక్ష్యాలన్నీ చెరిగిపోతాయని మరవకూడదు. కాబట్టి ఆపేముందు ఒక్క నిమిషం వెచ్చించి, ఏ ప్రోగ్రాము ఎంత తింటోంది, ఎవరు ఎవరికోసం ఆగారు అన్నది ఫైలులో పెట్టుకోండి. రెండోది, ఒకేసారి నాలుగు మార్పులు చేయకండి. బాగుపడితే దేనివల్ల బాగుపడిందో తెలీదు, చెడితే దేనివల్ల చెడిందో తెలీదు. ఒక మార్పు, ఒక పరీక్ష, ఒక రాత. మూడోది, జబ్బు మానేసిందని సంబరపడకండి. దానంతట అది పోయిన జబ్బు దానంతట అదే తిరిగి వస్తుంది. తెప్పించి చూపగలిగినప్పుడే, పోగొట్టామని చెప్పే హక్కు మనకుంటుంది.

మిత్రులారా! మనలో చాలామంది రేపు ఏదో ఒక ఆఫీసులో ఏదో ఒక కిటికీకి లోపలివైపు కూర్చుంటాం. సర్వరు నెమ్మదించడం మన చేతుల్లో లేకపోవచ్చు. కాని టోకెన్ నంబరు రాసిచ్చి "అమ్మా, మీది పద్నాలుగో నంబరు, రెండింటికి రండి, ఈలోగా పని చూసుకోండి" అని చెప్పడం మన చేతుల్లోనే ఉంది. ఆమె వెళ్లగానే నోటుపుస్తకం తీసి గంట, నిమిషం రాయడం కూడా మన చేతుల్లోనే ఉంది. మొదటిది ఆమె బస్సుని నిలబెడుతుంది. రెండోది రేపు వచ్చే పదిమంది బస్సుల్ని నిలబెడుతుంది.